రాజుగారి ఓడకు తెరచాప కొయ్య

సముద్రాన్ని ఆనుకొని మకరపురి అనే ఒకానొక రాజ్యం ఉండేది. దాన్ని రిపుభయంకరుడనే రాజు ఏలేవాడు. ఆ పేరు విని శత్రువులు భయపడ్డారో లేదో తెలియదు గాని, కొలువులోని వాళ్లు మాత్రం బాగా భయపడేవారు. రాజు మాట కాదన్నవాడికి చెరసాల తప్పదు.

ఆ కొలువులో ఆదెన్న అనే మాటకారి ఉండేవాడు. జాలరిపేటలో పుట్టి, నోటి చలవతో రాజాస్థానం చేరినవాడు.

ఒకసారి రాజుకు పెద్ద యుద్ధనౌక కట్టించాలని బుద్ధి పుట్టింది. ముందుగా ఓడల వడ్రంగి గురవాచారి చేత రెండు మూరల పొడవున నమూనా చేయించాడు. అసలు ఓడలో ఉండవలసినవన్నీ కొలత తప్పకుండా ఆ బుల్లి ఓడలో అమరాయి. తెరచాప కొయ్య నిలబెట్టి మోకులు బిగించడమే తరువాయి.

రాజు ఆ కొయ్యను చూసి పెదవి విరిచాడు.

"ఇంత పొట్టిదా? శత్రువుకు ఓడకంటే ముందు నా జెండా కనబడాలి. దీనికి మూడింతలు ఎత్తు పెట్టు!"

"ఏలినవారు మన్నించాలి. అంత ఎత్తు పెడితే ఓడ ఒరిగిపోతుంది," అన్నాడు గురవాచారి.

"నా ఓడ ఒరగడమా!" అన్నాడు రాజు. గురవాచారిని భటులు చెరసాలకు తీసుకుపోయారు.

రాజు చూపు ఆదెన్న మీద పడింది.

"నువ్వు సముద్రం ఒడ్డున పుట్టినవాడివి కదా! ఆ కొయ్య నువ్వే నిలబెట్టు. నేను చెప్పిన కొలత తప్పిందో, గురవాచారికి తోడుగా పోతావు."

ఆదెన్న అటూ ఇటూ లెక్క వేసుకున్నాడు. కాదంటే చెరసాల. ఊరుకుంటే అసలు ఓడ ఎక్కే నావికులంతా సముద్రం పాలు. వాళ్లలో సగం మంది అతని పేటవాళ్లే.

"చిత్తం ప్రభూ," అని పనిలోకి దిగాడు.

పొడవాటి కొయ్య తెప్పించి, దారానికి గుండు వేలాడదీసి చూసుకుంటూ నిటారుగా నిలబెట్టాడు. నాలుగు వైపులా మోకులను వీణ తీగల్లా బిగించాడు. చిటారున జెండా కట్టాడు. రాజు చెప్పిన ఎత్తుకు గోరంత తేడా లేదు.

"పనితనమంటే ఇదీ!" అని రాజు మీసం దువ్వి, కొలువంతటినీ ఉద్యానవనంలోని కొలను దగ్గరికి పిలిపించాడు.

ఆదెన్న ఓడను నీటిలో వదిలాడు. అది కాసేపు ఆలోచిస్తున్నట్టు నిలబడి, రాజు ఉన్న వైపుకు మెల్లగా వాలి, జెండాతో సహా నీళ్లలో పడుకుంది.

ఎవరూ ఊపిరి పీల్చలేదు. రాజు ముఖం కందగడ్డ అయింది.

"ఏమిట్రా ఇది?"

ఆదెన్న చేతులు కట్టుకున్నాడు. "ఓడ తమకు సాష్టాంగపడింది ప్రభూ."

రాజు కోపం సగంలో ఆగింది. "సాష్టాంగమా?"

"కాకపోతే సరిగ్గా తమ పాదాల వైపే ఎందుకు వాలుతుంది?"

రాజు అవతలి గట్టుకు వెళ్లి నిలబడి, "మళ్లీ వదులు," అన్నాడు. వదిలేది ఆదెన్నే గనుక ఓడ ఈసారి అటే వాలింది.

రాజు ముఖం విప్పారింది. "అసలు ఓడకు కూడా ఇంత భక్తి ఉంటుందా?"

"కొలతలు ఒకటే గదా ప్రభూ, భక్తీ అంతే ఉంటుంది. నాకు ఒక్కటే సందేహం. ఈ ఓడకు తమరు ఎదురుగా ఉన్నారు. ఆ ఓడలో తమరు లోపల ఉంటారు. నడిసముద్రంలో అది సాష్టాంగపడితే, తమరు ఎక్కడ నిలబడి దీవిస్తారు?"

రాజు గట్టు అంచుకు వచ్చాడు. పడుకున్న ఓడను చూశాడు. కొలను అడుగుకు వేలాడుతున్న జెండాను చూశాడు.

"మరి నా జెండా?" అన్నాడు చివరికి, చిన్న గొంతుతో.

"శత్రువుల మాట చెప్పలేను గాని ప్రభూ, చేపలకు మాత్రం అందరికంటే ముందు కనబడుతుంది."

రాజు నవ్వు ఆపుకోవాలని చూశాడు. మీసాలు వణికాయి. ఆ పైన ఇక ఆగలేక పగలబడి నవ్వాడు. అప్పుడు కొలువంతా ఊపిరి పీల్చుకొని నవ్వింది.

గురవాచారిని విడిపించి, శాలువా కప్పి తీసుకువచ్చారు. అతడు తన కొయ్యనే నిలబెట్టాడు. ఓడ నీటి మీద హంసలా తేలింది.

"నీకేం కావాలో కోరుకో," అన్నాడు రాజు ఆదెన్నతో.

"ఆ పొడుగు కొయ్య ఇప్పించండి ప్రభూ. మా ఇంటి తలుపుకు గడియ లేదు. రాజుగారి కీర్తి అడ్డంగా ఉందంటే ఏ దొంగా తోసి చూడడు."

రాజు మళ్లీ కడుపుబ్బ నవ్వి, ఆ కొయ్యను ఇప్పించాడు. దానికి తగ్గ తలుపు చేయమని గురవాచారికి చెప్పాడు. అంత తలుపు పట్టేందుకు ఆదెన్నకు కొత్త ఇల్లే కట్టించాడు.