చాలు అనని చుట్టం

అనగనగా ఒక రెల్లు అడవిలో, మనకి ఉత్తరంగా చాలా దేశాల అవతల, ఒక సరస్సు గట్టున బాతుల గుంపు ఒకటి ఉండేది. అడవంటే చెట్లుండాలి కదా అని అడ్డు రాకండి. అక్కడ రెల్లే మనిషికి రెండింతలు పెరుగుతుంది. బాతులకి అదే అడవి.

ఆ బాతులకి ఏటా ఒక ప్రయాణం ఉండేది. చలి మొదలవకముందే బయల్దేరి, మంచుకొండల దేశం దాటి, ఇసుక మైదానాల దేశం దాటి, వరి పొలాల దేశం దాకా వచ్చేవి. ఎండలు ముదరకముందే తిరిగి వెళ్ళిపోయేవి. వాటి సొంత దేశంతో కలిపి మొత్తం నాలుగు దేశాలు.

బయల్దేరే ముందు బాతులన్నీ ఒక పని చేసేవి. ఇరవై రోజులపాటు ఎక్కడికీ పోకుండా గట్టు మీద గడ్డి మేసి మేసి ఒళ్ళు చేసేవి. బాతుకి సంచి ఉండదు కదా. దారిబత్తెం ఒంట్లోనే మోసుకుపోవాలి.

గుంపులో అందరికన్నా పెద్దది రేవమ్మ. కుర్ర బాతులని కూర్చోబెట్టి ఏటా అదే మాట చెప్పేది.

"కొండల దేశంలో దిగితే అక్కడివాళ్ళు మీకు ఎండుగడ్డి పెడతారు. మూడు ముద్దలు తిని 'చాలు' అనండి. వాళ్ళు 'ఇంకా ఉంది' అంటారు. వినొద్దు. చలికి చచ్చేవాణ్ణి గుమ్మంలోంచి పంపకూడదని వాళ్ళ పెద్దలు పెట్టుకున్న ఆచారం అది. చుట్టం తింటున్నంతసేపూ అయిపోయిందని వాళ్ళు చెప్పరు. చాలు అనాల్సింది చుట్టమే. ఓసారి కాలు విరిగి నేను అక్కడ ఇరవై ఎనిమిది రోజులు పడి ఉన్నాను. రోజుకి మూడే ముద్దలు తిన్నాను. మిగతాది నా ఒంట్లో కొవ్వు చూసుకుంది."

ఈ మాట వింటూ వెనకనుంచి నవ్వేవాడు ఒకడున్నాడు. పేరు తేలికయ్య. గుంపు పెట్టిన పేరే అది. వాడు ఇరవై రోజులు మేసేవాడు కాదు. మేసేవాళ్ళ మధ్య తిరుగుతూ ఆటపట్టించేవాడు.

"ఏంటర్రా ఈ తిండి? ఇంత ఒళ్ళేసుకుని ఎగిరితే దారిలో ఏం చూస్తారు? నన్ను చూడండి. మూటా లేదు, బరువూ లేదు. దొరికిన చోట తింటాను, చోటున్న చోట పడుకుంటాను. బతకడానికి ఎంత కావాలర్రా?"

వినడానికి ఎంత బాగుందో చూడండి. నాకూ బాగుంది. అందుకే కుర్ర బాతులు వాడి చుట్టూ చేరేవి.

ఆ ఏడు తేలికయ్య గుంపుకన్నా ముందే ఒంటరిగా బయల్దేరాడు. కొండల దేశం చేరేసరికి ఆకలి దంచేస్తోంది. ఒక పెద్ద బండ కింద సందు కనిపించింది. అందులో ఎండుగడ్డి కుప్ప ఉంది. కుప్ప పక్కన మంకెనమ్మ అనే కొండకుందేలు, దాని నలుగురు పిల్లలూ ఉన్నారు. కొండకుందేలు అంటే మన కుందేలుకి దూరపు చుట్టం. గుప్పెడంత ఒళ్ళు, గుండ్రటి చెవులు, తోకే ఉండదు.

"రా అన్నా. అలిసిపోయి వచ్చావు. తిను" అంది మంకెనమ్మ.

తేలికయ్య మూడు ముద్దలు తిన్నాడు. మంకెనమ్మ "ఇంకా ఉంది" అంది. తేలికయ్య నాలుగో ముద్ద అందుకున్నాడు.

రేవమ్మ మాట వాడికి గుర్తు రాలేదని మీరు అనుకోవచ్చు. గుర్తొచ్చింది. వాళ్ళే ఉందంటుంటే నాకెందుకు మొహమాటం అనుకున్నాడు. అంతే.

పదకొండు రోజులు అక్కడే ఉన్నాడు. పొద్దున్నే తినేవాడు, కొండలు చుట్టి వచ్చేవాడు, మళ్ళీ తినేవాడు. తిని, కాళ్ళు చాపుకుని మంకెనమ్మకి బుద్ధి చెప్పేవాడు.

"ఎండాకాలమంతా పరుగులు పెట్టి ఇంత గడ్డి పోగు చేశావే, ఎందుకు చెల్లెమ్మా? ఈ కుప్పకి కాపలా కాస్తూ ఇక్కడే పడి ఉన్నావు. నాకు గూడు లేదు, కుప్ప లేదు. ఎంత హాయిగా ఉన్నానో చూడు."

మంకెనమ్మ పిల్లలకి గడ్డి అందిస్తోంది. నలుగురిలో చిన్నది గోగి, ముందుకొచ్చి అడిగింది.

"మావయ్యా, మరి మంచు పడ్డప్పుడు నువ్వేం తింటావు?"

"మంచా? కొండ కొసన తెల్లగా కనిపిస్తుందే, అదేగా? దానికి భయపడతారా ఎవరైనా?"

పాపం, వాడు అబద్ధం చెప్పలేదు. నాలుగు దేశాలు తిరిగాడు గాని ఏ దేశంలోనూ కష్టకాలం చూడలేదు. చలి వచ్చేలోపు వెళ్ళిపోయేవాడు, ఎండ వచ్చేలోపు వెళ్ళిపోయేవాడు. ఎక్కడికి వెళ్ళినా తిండి ఉన్న రోజుల్లోనే వెళ్ళేవాడు. అందుకే లోకమంతా తిండి ఉందనుకున్నాడు.

పన్నెండో రోజు రెక్కలు దులుపుకుని ఎగిరిపోయాడు. వాడు కొండ దాటిన మర్నాడే మంచు పడింది.

తర్వాత ఇసుక మైదానాల దేశంలో దిగాడు. అక్కడ చీమలు తడిసిన గడ్డిగింజల్ని పుట్టలోంచి తెచ్చి ఎండలో ఆరబెట్టుకుంటున్నాయి. "దారినపోయేవాణ్ణి, నాలుగు గింజలు పెట్టండమ్మా" అన్నాడు. చీమలు సరేనన్నాయి. ఆరబెట్టినవన్నీ తిన్నాడు.

అక్కణ్ణుంచి వరి పొలాల దేశం వచ్చాడు. గట్టు మీద ఒక ఎలుక కలుగులో వరికంకులు దాచుకుంది. "ఒక్కణ్ణి, నాకెంత కావాలి?" అన్నాడు. ఎలుక మొహమాటపడి పెట్టింది. కలుగు ఖాళీ అయ్యేదాకా ఆ గట్టు వదల్లేదు.

ఎండలు మొదలవుతుంటే తిరిగి ఎగిరాడు. దారంతా పచ్చగా ఉంది కాబట్టి ఎవరి గుమ్మమూ తొక్కలేదు, ఎవరెలా ఉన్నారో చూడలేదు. సరస్సు చేరి కుర్ర బాతుల ముందు రొమ్ము విరుచుకుని నిలబడ్డాడు.

"నాలుగు దేశాలర్రా. ఒంటి మీద పిసరు కొవ్వు లేకుండా వెళ్ళొచ్చాను."

మరుసటి ఏడు ఇద్దరు కుర్ర బాతులు కూడా మేత మానేస్తామన్నాయి. రేవమ్మ రెక్కతో చెరొకటి ఇచ్చి మేపింది. తేలికయ్యకి ఇవ్వలేకపోయింది. వాడు పెద్దవాడైపోయాడు కదా.

ఈసారి వాడు గుంపుతోనే ఎగిరాడు. కొండల దేశం మీదికి వచ్చేసరికి వడగళ్ళ వాన పట్టుకుంది. బలిసిన బాతులు దెబ్బలు తట్టుకుని ఎలాగో పైకి ఎగిరాయి. తేలికయ్య రెక్క విరిగి కింద పడ్డాడు. రేవమ్మ పైన రెండు చుట్లు తిరిగింది. కానీ వెనక గుంపంతా ఉంది. ఆగితే అందరూ పడతారు. వెళ్ళిపోయింది.

తేలికయ్య ఈడ్చుకుంటూ ఈడ్చుకుంటూ తెలిసిన బండ దగ్గరికే వెళ్ళాడు. సందులో కుప్ప ఉంది. నిరుటి కుప్పలో సగం కూడా లేదు. దాని పక్కన మంకెనమ్మ, గోగి ఉన్నారు.

"రా అన్నా" అంది మంకెనమ్మ. గొంతులో కోపం లేదు. చిక్కి సగమైంది.

"మిగతా పిల్లలేరీ చెల్లెమ్మా?"

"ముందు తిను. ఇంకా ఉంది."

తేలికయ్య తిన్నాడు. విరిగిన రెక్కతో బయటికి వెళ్ళి మేయలేడు కదా. నాలుగు రోజులకి మంచు మొదలైంది. మొదటిరోజు వాడికి ముచ్చటేసింది. పదోరోజుకి కింద గడ్డి కనిపించలేదు. ఇరవయ్యో రోజుకి సందు ముందున్న రాళ్ళు కనిపించలేదు.

"ఇది ఎప్పటికి పోతుంది?" అని అడిగాడు.

"నాలుగు దేశాలు తిరిగావు. నీకు తెలీదా అన్నా?" అంది మంకెనమ్మ. దెప్పిపొడుపు కాదు, నిజంగానే ఆశ్చర్యపోయింది.

రోజూ పొద్దున మంకెనమ్మ గడ్డిని మూడు వాటాలు వేసేది. ఒకటి తేలికయ్యకి, ఒకటి గోగికి, ఒకటి తనకి. ముగ్గురూ కలిసి నమిలేవారు. కుప్ప రోజురోజుకీ తగ్గుతోంది. చివరికి తేలికయ్య కాలి ఎత్తుకి వచ్చింది.

ఒకరోజు పొద్దున గోగి ఇంకా లేవలేదు. మంకెనమ్మ ఒక మూలకి తిరిగి నములుతోంది. తేలికయ్య మెడ సాచి చూశాడు. ఆమె వాటా గడ్డి నేల మీద లేదు, నోట్లోనూ లేదు. తన వాటా మళ్ళీ కుప్పలో కలిపేసి వట్టి నోరు నములుతోంది.

"ఏం చేస్తున్నావు చెల్లెమ్మా?"

మంకెనమ్మ సిగ్గుపడింది. "నేను తినడం లేదంటే నీకు ముద్ద దిగదని" అంది.

తేలికయ్య ఆమె దగ్గరికి జరిగాడు. తర్వాత అడిగాడు.

"నిరుడు నేను వెళ్ళాక కూడా ఇలాగే నమిలావా?"

"నమిలాను. పిల్లలకి పెట్టాలి కదా."

"మరి పిల్లలు?"

"కుప్ప అడుగంటాక వాళ్ళనీ అలాగే నమలమన్నాను అన్నా. పెద్దాడు రెండ్రోజులు నమిలాడు. నడిమివాళ్ళిద్దరికీ చేతకాలేదు. ఆకలని ఏడ్చారు. ముందు వాళ్ళే పోయారు. పదిరోజుల తర్వాత పెద్దాడు పోయాడు. మంచు కరిగేసరికి గోగి ఒక్కతే మిగిలింది."

పదకొండు రోజులు తను తిన్న గడ్డి తేలికయ్య కళ్ళ ముందు కనిపించింది. ఆ గడ్డి పక్కన కాళ్ళు చాపుకుని చెప్పిన బుద్ధులు చెవుల్లో వినిపించాయి. ఇసుక మైదానంలో చీమలు గుర్తొచ్చాయి. పొలం గట్టు మీద ఎలుక గుర్తొచ్చింది. వాళ్ళకి కష్టకాలం ఏ నెలలో వస్తుందో తను ఏనాడూ అడగలేదు.

"మంచు పోవడానికి ఇంకా ఎన్నాళ్ళు?"

"నెల."

తేలికయ్య కుప్ప వైపు చూశాడు. ఇద్దరు తింటే నెల వస్తుంది. ముగ్గురు తింటే పదిరోజులకే అయిపోతుంది. కొండకుందేళ్ళు తినేదెంత? వాడి ఒక్కడి వాటా వాళ్ళిద్దరికీ రెట్టింపు.

మంకెనమ్మ వాడి వాటా ముందు పెట్టింది.

"చాలు చెల్లెమ్మా" అన్నాడు తేలికయ్య.

"ఇంకా ఉంది అన్నా."

"చాలు."

"ఇంకా ఉంది."

"చాలమ్మా. నాకు చాలు."

మూడుసార్లు చాలు అన్న చుట్టానికి ఇంక వడ్డించకూడదు. అది కూడా వాళ్ళ ఆచారమే. మంకెనమ్మ ఆ గడ్డి తీసి కుప్పలో పెట్టింది.

తేలికయ్య సందు గుమ్మంలోకి జరిగి గాలికి వీపు పెట్టి కూర్చున్నాడు. గాలి లోపలికి రాకుండా ఆగింది. గోగి లేచి వాడి కడుపు కింద వెచ్చగా దూరింది.

"మావయ్యా, నువ్వు తినవా?"

"నేను తినేశానమ్మా. నిరుడే తినేశాను."

రేవమ్మ అయితే ఒంట్లో కొవ్వుతో ఆ నెల గడిపేది. తేలికయ్య ఒంట్లో ఏమీ లేదు. తొమ్మిది రోజులున్నాడు. పదోరోజు పొద్దున గోగి పిలిస్తే పలకలేదు. ఆ తర్వాత కూడా మంచు పోయేదాకా గుమ్మంలో గాలికి అడ్డంగా అలాగే ఉన్నాడు.

ఎండలు మొదలయ్యాక గుంపు తిరిగి వచ్చింది. రేవమ్మ ఆ ఇద్దరు కుర్ర బాతుల్నీ వెంటబెట్టుకుని బండ దగ్గర దిగింది. మంకెనమ్మ జరిగింది జరిగినట్టు చెప్పింది.

"చివర్లో ఏమన్నాడు?" అని అడిగింది రేవమ్మ.

"చాలు అన్నాడు."

రేవమ్మ కళ్ళు తుడుచుకుంది. "ఏడాది ఆలస్యంగా అన్నాడు" అంది.

కుర్ర బాతులు తలలు దించుకున్నాయి. బయట గోగి పచ్చిగడ్డి పోచలు ఏరి ఎండలో పరుస్తోంది. మూడు వాటాలు వేస్తోంది.

"మీరిద్దరే కదా తల్లీ. మూడోది ఎవరికి?" అంది రేవమ్మ.

"చుట్టం వస్తేనో?" అంది గోగి, తల ఎత్తకుండానే.

పోనీలే, చివరికి మంచివాడయ్యాడు కదా అని మీరు అంటారు. అనండి. గోగి బతికింది, నిజమే. కానీ ముగ్గురు పిల్లలు తిరిగి రాలేదు. చీమలేమయ్యాయో, ఎలుక ఏమయిందో చెప్పేవాళ్ళే లేరు. అందుకే ఈ కథ మీరు ఏ ఊరు బయల్దేరుతున్నా ముందు రోజు చెప్తాను.

నీతి: తక్కువతో బతకడం గొప్పే, కానీ ఆ తక్కువ నీదై ఉండాలి. ఇంకొకరి గుమ్మంలో కూర్చున్నప్పుడు, వాళ్ళు పెట్టడం ఆపకముందే నువ్వు చాలు అనాలి.