చెంబెడు షర్బత్

చాంద్ బాషా తమ్ముడు పీరా మీద కోపంతో ఊగిపోతూ దర్గాకి వచ్చాడు. రంజాన్ నెల, పొద్దు వాలుతోంది. రహంతుల్లా బాబా రోజా ఉపవాసం విడవడానికి నిమ్మకాయ షర్బత్ కలుపుతున్నాడు.

"పీరా రేపు ఊరొదిలి పోతాడంట బాబా! పెండ్లాం చచ్చిపోయినప్పట్నుంచి పనికి పోడు, నమాజుకి రాడు. మీరు నేర్పిందంతా చెప్తానే ఉండా. సబర్ చెయ్యమంటా, ఓర్చుకోమంటా, అల్లా ఇచ్చింది అల్లానే తీసుకున్నాడంటా. లేస్తూనే చెప్తా, అన్నం కాడ చెప్తా. ఒక్క ముక్క తలకెక్కదు!"

"మంచిమాటలేనా?"

"మంచివే! మంచిమాట ఎంత చెప్తే అంత మేలు కదా?"

చాంద్ బాషా నెలంతా పగటిపూట అన్నం మానగలడు గానీ, ఒక్కపూట ఉపదేశం మానలేడు.

బాబా చెంబులో సగానికి నీళ్లు పోసి, గుప్పెడు చక్కెర వేసి అతని చేతికిచ్చాడు.

"కలుపు."

కరిగింది. ఇంకో గుప్పెడు వేశాడు, అదీ కరిగింది. అలా వేస్తూనే పోయాడు. అంత చక్కెరా ఆ కాసిని నీళ్లలో మాయమైపోతుంటే చాంద్ బాషా నోరు తెరిచి చూశాడు. చివరికి ఒక గుప్పెడు అడుగున కూర్చుండిపోయింది. ఎంత తిప్పినా గరగరమంటుందే గానీ కరగదు.

"ఇంక పట్టదు బాబా."

"చక్కెర మంచిదే కదా?" అంటూ బాబా ఇంకో గుప్పెడు పోశాడు.

అంతలో మసీదు నుంచి సాయంత్రం నమాజు అజా వినిపించింది. బాబా షర్బత్ గిన్నె పక్కకి జరిపి, ఆ చెంబే అతనికి అందించాడు. తెల్లారిందగ్గర్నుంచి గొంతు తడవలేదు. చాంద్ బాషా ఆత్రంగా ఒక పెద్ద గుక్క మింగాడు.

గొంతులో పాకం అడ్డం పడ్డట్టయింది. దాహం తీరకపోగా రెట్టింపైంది.

"నీళ్లు బాబా! ఉత్త నీళ్లు ఇయ్యండి!"

బాబా అతని దోసిట్లోకి కూజా వంచాడు.

"నిన్న పీరా వచ్చినాడు."

చాంద్ బాషా ఉలిక్కిపడ్డాడు. ఎంత బతిమాలినా దర్గా గడప తొక్కని పీరా, తనంతట తనే వచ్చాడా?

"ఏమన్నాడు బాబా?"

"ఒకటే అడిగినాడు. 'మా అన్న ఒక్కపూట ఏమీ చెప్పకుండా, నా పక్కన కూచుని అన్నం తింటాడా?' అని."

చాంద్ బాషా దోసిట్లో నీళ్లు వేళ్ల సందుల్లోంచి కారిపోయాయి. తడిచేతులతో అలాగే లేచి, గబగబా ఇంటిదారి పట్టాడు.