రెండుసార్లు మోగిన ఫోను

తణుకులో సెల్‌ఫోన్లు బాగుచేసే తాతారావు పదిమందిని ఒక్క తాటి మీద నడిపించడంలో ఎంత గట్టివాడో, ఆ పని ఇంకొకరు చేస్తే చూసి ఓర్చుకోవడంలో అంత బలహీనుడు.

అతని ప్రాణమంతా ఒక ఆన్‌లైన్ ఆటలో ఉండేది. అందులో ఒక్కో జట్టుకు ఒక్కో కోట ఉంటుంది. శత్రువులు ముందే ప్రకటించి దాడి చేసే వేళకు నలభైమంది ఒకేసారి ఆటలోకి రాకపోతే కోట పోయినట్టే. తాతారావు కాలేజీ రోజుల్లో అందరి ఇళ్ళలో కంప్యూటర్లు ఎక్కడివి? ఊరూరా నెట్ సెంటర్లు ఉండేవి. జట్టును అక్కడికి పిలవడానికి అతను మిస్డ్ కాల్ పద్ధతి పెట్టాడు. ఫోను ఒకసారి మోగి ఆగితే రమ్మని. వెంటనే రెండోసారి కూడా మోగితే ఇవాళ ఆట లేదని. ఆ ఫోను ఎవరూ ఎత్తేవారు కాదు. మోగించింది తాతారావు అయ్యాక ఇక అడగాల్సిందేముందని వాళ్ళ ధీమా. తింటున్న కంచం వదిలేసి మరీ పరిగెత్తేవారు. అతను కుర్చీ ఎక్కి అరుస్తూ యుద్ధం నడిపేవాడు. అందరూ అతన్ని ‘మేస్త్రీ’ అనేవారు. ఆ పిలుపు వింటే అతనికి కడుపు నిండిపోయేది.

కాలం మారింది. నెట్ సెంటర్లు మూతపడ్డాయి. ఎవరింట్లో వాళ్ళు కూర్చుని, చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని ఆడటం మొదలైంది. జట్టులోకి కొత్తవాళ్ళు వచ్చారు. వాళ్ళలో సలోమి అని నరసాపురం అమ్మాయి ఒకతె ఉండేది. ఆమె నలభైమందినీ చిన్న చిన్న గుంపులు చేసి, ఒక్కో గుంపుకు ఒక పెద్దను పెట్టింది. దాడి ఎప్పుడో ముందే వాట్సాప్ గ్రూపులో చెప్పేది. డ్యూటీ ఉందన్నవాళ్ళను తిట్టకుండా, వాళ్ళ బదులు వేరేవాళ్ళను సర్దేది. ఎవరూ గొంతు చించుకోకుండానే కోట నిలబడుతోంది. ఎక్కడ విన్నా సలోమి మాటే.

తాతారావు కళ్ళల్లో నిప్పులు పోసుకున్నాడు. ఇది ఆటా, ఆఫీసా అని ఎద్దేవా చేశాడు. ఆమె నెమ్మదిగా మాట్లాడితే నటన అన్నాడు, నవ్వితే టెక్కు అన్నాడు. ఎవరైనా ఆమెను మెచ్చుకున్నారంటే ఆ రోజు షాపులో అతని చేతికి చిన్న స్క్రూ కూడా లొంగేది కాదు. తను కట్టిన ఇంట్లో తననే వసారాలో కూర్చోబెట్టారని లోలోపల కుమిలిపోయాడు.

ఇంతలో శత్రువుల పెద్ద దాడి ఒకటి ఖాయమైంది. ఆదివారం మధ్యాహ్నం ముహూర్తం. సలోమి అతనికి ఫోన్ చేసింది.

“అన్నయ్యా, కోట గుమ్మం కాయడం పాతవాళ్ళకే చేతనైన పని. వాళ్ళేమో గ్రూపులో పెట్టింది చూడరు. మీ మిస్డ్ కాల్ వస్తేనే కదులుతారు. వాళ్ళను పిలిచే పని మీరే చూడాలి.”

ఆమె అడిగింది మర్యాదగానే. అతనికి మాత్రం తనను బంట్రోతు పనికి దింపేసినట్టు వినిపించింది. ఒకసారి ఓడితేనే గాని ఈ పిల్లకు మేస్త్రి విలువ తెలిసిరాదు అనుకున్నాడు. ఆదివారం పాత మిత్రులందరికీ వరసగా ఫోన్లు మోగించాడు. ఒక్కొక్కరికీ రెండేసి సార్లు.

గుమ్మం దగ్గర ఒక్కడూ లేడు. కాలేజీ రోజుల నుంచి తాతారావు రాయీ రాయీ పేర్చుకున్న కోట చూస్తుండగానే శత్రువుల పాలైంది. హెడ్‌ఫోన్లో సలోమి గొంతు వినిపించింది. ఏర్పాటు సరిగ్గా చూసుకోలేదు, తప్పు తనదేనని అందరికీ చెప్పుకుంది. ఆ మాట వినాలనే కదా అతను ఇంత చేసింది. తీరా విన్నాక సంతోషం కలగలేదు.

మర్నాడు సూరిబాబు షాపుకు వచ్చాడు. నెట్ సెంటర్ రోజుల్లో తాతారావు పక్క కుర్చీ అతనిదే.

“రెండుసార్లు మోగించావేంట్రా?”

“చెయ్యి జారిందిరా.”

“ఒకరి దగ్గర జారిందంటే నమ్ముతాను. అందరి దగ్గరా జారిందా?”

తాతారావు ముందున్న ఫోను విప్పడంలో పడ్డాడు. సూరిబాబు లేచి వెళ్ళిపోయాడు. ఆ ప్రశ్నకు తాతారావు సిగ్గుతో చితికిపోయాడు. సాయంత్రం సలోమికి ఫోన్ చేసి జరిగిందంతా చెప్పేశాడు.  ఆమె, కోట తిరిగి తెచ్చుకుందాం, ఈసారి కూడా పాతవాళ్ళను మీరే పిలవండి అంది.

కోట మీద తిరిగి దాడి చేసే రోజు రానే వచ్చింది. తాతారావు ముందుగా సూరిబాబు నంబరు నొక్కాడు. ఒకసారి మోగగానే పెట్టేయబోయాడు. ఈలోగానే అవతల ఫోను ఎత్తారు. ఇన్నేళ్ళలో అదే మొదటిసారి.

“రమ్మంటున్నావో వద్దంటున్నావో నోటితో చెప్పరా,” అన్నాడు సూరిబాబు. “ఎందుకన్నా మంచిది, ఆ అమ్మాయిని కూడా ఒక మాట అడుగుతాను.”

ఆ తర్వాత మోగించిన ప్రతి ఫోనూ అలాగే ఎత్తారు. ప్రతి ఒక్కరూ అదే అడిగారు. పాతవాళ్ళంతా వచ్చారు, గుమ్మం గెలిచారు, కోట తిరిగి చేతికొచ్చింది. మేస్త్రి మిస్డ్ కాల్‌ను మాత్రం మళ్ళీ ఎవరూ నమ్మలేదు.

నీతి: ఓర్వలేనితనంతో ఎదుటివారిని ఓడించాలని చూసేవాడు ముందుగా పోగొట్టుకునేది తన మాట మీద పదిమందికి ఉన్న నమ్మకాన్నే.