పాలపిట్టకు ఏనుగు బలం

అనగా అనగా, గాలి కూడా తీరిగ్గా పిల్లలతో ఆడుకునే కాలంలో, కేతనపురమని ఒక రాజ్యం ఉండేది. అక్కడ బొమ్మ విమానాలంటే అందరికీ ప్రాణం. మనిషి మైదానం నడుమ నిలబడి రెండు సన్నని ఉక్కుతీగలు పట్టుకునేవాడు. తీగల రెండో కొసన విమానం అతని చుట్టూ గిర్రున తిరిగేది. ఒక తీగ లాగితే ఎగబాకేది, రెండోది లాగితే దిగేది.

ఆ ఊళ్ళో గౌరాంబ చేసిన విమానం పేరు పాలపిట్ట. తేలిక చెక్క ఒళ్ళు, పట్టుకాగితం రెక్కలు, బొటనవేలంత ఇంజను, ఉసిరికాయంత నూనె ట్యాంకు. చలికాలమంతా ఎగరేసి, కూల్చుకొని, మళ్ళీ అతికించి ఆ రెక్కలకు తగిన ఇంజను, ట్యాంకు కుదుర్చుకుంది.

ఆ ఏడు పొరుగు రాజులు విమానాల పోటీ చూడవస్తున్నారని తెలిసి, రాజు విరూపవర్మ కొబ్బరికాయంత ఇంజన్లు పోత పోయించాడు. చాటింపు వేయించాడు.

"ప్రతి విమానానికీ రాజుగారి ఇంజనే బిగించాలహో! కుండంత ట్యాంకు పెట్టాలహో! పెద్ద రాజ్యానికి పెద్ద ఇంజనహో!"

ఊరంతా తల ఊపింది. గౌరాంబ ఊపలేదు.

మొదట సేనాపతి వీరభల్లుడు వచ్చాడు. "బలం ఎక్కువైతే నీకేం నష్టం?" అని గద్దించాడు.

"పిట్ట మెడకు రోకలి కడితే ఎగురుతుందా, సేనాపతీ?" అంది గౌరాంబ.

తర్వాత వర్తకుడు శేషశెట్టి వచ్చాడు. "పోనీ, పెద్ద ట్యాంకయినా పెట్టు తల్లీ. ఎక్కువసేపు ఎగురుతుంది" అన్నాడు.

"నూనె కూడా బరువే శెట్టిగారూ. పైగా అది అయిపోయేదాకా ఇంజను ఆగదు. తీగలు పట్టినవాడూ ఆగకుండా తిరగాలి. కళ్ళు తిరగకముందే విమానం దిగాలి."

చివరికి రాజే వచ్చాడు. "బిగిస్తావా? పాలపిట్టను కొలిమిలో వేయించమంటావా?"

గౌరాంబ తన చెయ్యి ముందుకు చాచింది. "కొలిమి తమది, ప్రభూ. చెయ్యి నాది. ఈ చెయ్యి ఆ ఇంజను బిగించదు."

రాజు కళ్ళెర్రజేశాడు. "అయితే అందరి ఎదుటా ఎగరెయ్. కూలిందా, దాన్ని కాలుస్తాను, నిన్ను రాజ్యం దాటిస్తాను!"

"సరే" అంది గౌరాంబ.

పోటీ రోజు వచ్చింది. ముందుగా సేనాపతి విమానం పరుగెత్తింది. ముక్కు బరువుకు లేవలేక, నేలను నాగలిలా దున్ని ముక్కలైంది.

శెట్టి తన విమానానికి రెక్కలు కాస్త పెద్దవి చేయించాడు. విమానం లేచింది. జనం కేకలు వేశారు. కానీ ట్యాంకు ఎంతకీ తరగలేదు. శెట్టి తిరిగాడు, తిరిగాడు, బొంగరంలా తూలి కూలబడ్డాడు. విమానం పోయి రాజుగారి పందిరికి గుచ్చుకుంది!

అప్పుడు గౌరాంబ తీగలు పట్టింది. పాలపిట్ట రివ్వున లేచింది. ఆకాశంలో పల్టీ కొట్టింది. వెల్లకిలా ఎగిరింది. నూనె అయిపోగానే ఆకు రాలినట్టు మెత్తగా దిగింది.

పొరుగు రాజులు లేచి చప్పట్లు కొట్టారు. విరూపవర్మ మీసం దువ్వి, "చూశారా, మా రాజ ఇంజను మహిమ!" అన్నాడు. గౌరాంబ వైపు వంగి, "అవునను. మండలానికి అధికారిణిని చేస్తాను" అని గొణిగాడు.

గౌరాంబ అవుననలేదు. పాలపిట్ట ముక్కు విప్పి, బొటనవేలంత ఇంజను అరచేతిలో పెట్టి అందరికీ చూపింది. "పాలపిట్టను ఎగరేసింది ఇది, ప్రభూ. అబద్ధం కూడా బరువే. నా విమానం దాన్ని మోయదు."

రాజు ముఖం కందగడ్డయింది. పందిరిలో గుచ్చుకున్న విమానాన్ని చాలాసేపు చూశాడు. చివరికి అడిగాడు: "అయితే నా ఇంజను పనికిరానిదేనా?"

"ఇంజనులో తప్పు లేదు, ప్రభూ. దానికి తగిన రెక్కలు లేవు. బారెడు రెక్కలతో విమానం చేస్తాను. అప్పుడు తమ ఇంజనూ ఎగురుతుంది. కానీ ఎవరి విమానానికి ఏది తగునో వాళ్ళనే చెప్పనివ్వండి."

రాజు తల దించాడు. ఆ సాయంత్రమే మరో చాటింపు వేయించాడు: "ఎవరి విమానం వారి ఇష్టమహో!"

నీతి: తగనిది ఎంత గొప్పదైనా బరువే, ఆ మాట రాజు ఎదుటైనా తలెత్తి చెప్పాలి.