ఎడమ పక్క ఎత్తుగా ఉంది

క్రోధి నామ సంవత్సరం, పుష్య బహుళ దశమి, శుక్రవారం, పొద్దున తొమ్మిదింపావు. అమలాపురం బైపాసు పక్కనున్న నూకరాజు పాత బండ్ల యార్డు ముందు మేము ఆటో దిగిన వేళ అది. మా ఇల్లు వెనక వీధిలోనే. అయినా అత్తగారు మాణిక్యాంబగారి మోకాళ్ళ కోసం ఆటో కట్టించుకున్నాం. పదిన్నరకి రాహుకాలం, ఆలోపు ఏదో ఒకటి తేల్చమని ఆవిడ దారిలోనే హెచ్చరించారు. ఆవిడ కాక మా బావగారు యజ్ఞనారాయణగారు, నేను, మాతో పాటు గురువుగారు.

కాలవ గట్టున ధ్యానం చేసుకునే గురువుగారికి పాత బండ్లతో ఏం పని అంటే, ముందురోజు సాయంత్రం బావగారు ఆయన్ని ఒక ప్రశ్న అడిగారు.

"స్వామీ, జపానికి కూర్చుంటే మనసు నిలవడం లేదు. చాప మీద కూర్చున్నాను, దర్భాసనం తెప్పించాను, కంబళి నాలుగు మడతలు వేశాను. మా ఇంట్లో నా కుర్చీలో తప్ప ఎక్కడా కుదురుగా ఉండలేకపోతున్నాను. ఏ ఆసనం మంచిది?"

అడిగిన రోజున జవాబు చెప్పే అలవాటు గురువుగారికి లేదు. చూపు బాగా మందగించింది గాని, వీధి మొదట్లో చెప్పుల చప్పుడు వింటే మనిషి పేరు చెబుతారు. "రేపు బండ్లు చూడబోతున్నారటగా నాయనా. నన్నూ తీసుకెళ్ళు," అన్నారు.

బండి కావలసింది అత్తగారికి. కంటి ఆపరేషను బాగా జరిగితే రథసప్తమికి అరసవల్లి వచ్చి సూర్యనారాయణమూర్తిని కళ్ళారా చూసుకుంటానని మొక్కుకున్నారు. కన్ను బాగుపడింది, మోకాళ్ళే మొరాయించాయి. బస్సు మెట్టు ఎక్కలేరు. పోయినేడు కూడా బండి కుదరక పండగ దాటిపోయింది. మావారు వెళ్ళి ఇంజను చూసి సరే అనేవారు. బావగారు వెళ్ళి లోపల కూర్చుని, "అంత దూరం అమ్మ ఈ సీటులో కూర్చోలేదు," అని తేల్చేసేవారు. ఎన్ని బండ్లు అలా తప్పిపోయాయో. ఆ రోజు పొద్దున అత్తగారు తులసికోట దగ్గర దణ్ణం పెట్టుకుంటూ, "ఈ ఏడూ కాకపోతే ఇక పెరట్లోంచే చూసుకుంటాను స్వామీ. నీకైనా, నేనెక్కడికీ కదలకపోయినా రోజూ వచ్చే బుద్ధి ఉంది," అన్నారు. బావగారికి వినబడేలాగే అన్నారు.

నూకరాజు మూడు పెద్ద బండ్లు కడిగించి వరసగా నిలబెట్టాడు. ఏడేసి మంది కూర్చునేవి. మొదటిది బూడిద రంగుది.

"తోలు కాదు కదా నాయనా సీట్లు?" అన్నారు అత్తగారు.

"రామరామ! రెగ్జినండి అమ్మగారూ. మడి బట్టతో కూచోండి, ఆయ్."

ఆవిడ శాలువా పరుచుకుని, నేను వేసిన పీట మీంచి ఎక్కి, మధ్య వరసలో కిటికీ పక్కన సర్దుకున్నారు. కాళ్ళు చాపి చూసుకున్నారు. "ఒరే యజ్ఞం, హాయిగా ఉందిరా."

బావగారు పక్కన కూర్చున్నారు. గల్లుమంది. ఇటు జరిగారు, అటు జరిగారు. "నీకు తెలియదమ్మా. ఎడమ పక్క ఎత్తుగా ఉంది. తుని దాటేసరికి నడుం పట్టేస్తుంది. దిగు."

"నేను దిగను. ఎక్కడమే గండమైంది. మీరు ఆ రెండూ చూసి రండి, నేను ఆదిత్య హృదయం చదువుకుంటాను."

రెండోది తెల్లది. మధ్య వరస విశాలంగానే ఉంది గాని వెనక వరసలో మోకాళ్ళు గడ్డానికి తగులుతున్నాయి. బావగారు రెండు చోట్లా కూర్చున్నారు. రెండుసార్లూ గల్లుమంది. బయట నిలబడ్డ గురువుగారు చెవి కాస్త ఇటు తిప్పారు.

"ఇదీ ఎడమ పక్క ఎత్తే," అన్నారు బావగారు.

నూకరాజు తల గోక్కున్నాడు. "మూడు కంపెనీల వాళ్ళూ కూడబలుక్కుని ఎడమ పక్కే ఎత్తు పెట్టారంటారా పంతులుగారూ?"

"మూడోది ఇంకా చూడలేదుగా," అన్నారు బావగారు గంభీరంగా. "పనిలో శ్రద్ధ తగ్గిపోయిందయ్యా దేశంలో."

మూడోది ఎర్రది. గురువుగారు దాని ముందు సీట్లో ఎక్కి కళ్ళు మూసుకున్నారు. బావగారు పట్టుదలగా వెనక వరసలోకి దూరారు. దూరారన్న మాటే గాని కూర్చునేసరికి మోకాళ్ళు మధ్య వరస సీటుకి బిగుసుకుపోయాయి. గల్లుమంది. "ఎడమ..." అని మొదలుపెట్టేంతలో గురువుగారు కళ్ళు తెరవకుండానే అడిగారు.

"అమ్మా భ్రమరా, అత్తగారికి మాత్ర వేళ కాలేదూ?"

అయింది. మాత్రలు ఇంట్లో బీరువాలో ఉన్నాయి. బీరువా తాళం బావగారి దగ్గర ఉంది. ఆ తాళమే కాదు. పప్పుల గదిది, పూజ వెండిది, ఊరగాయల అలమరది, అన్నీ ఒకే గుత్తి. మా తోడికోడలు శేషమాంబక్కయ్య పోయిన నాడు ఆవిడ కొంగున ఉన్న గుత్తిని బావగారు విప్పి తీసుకున్నారు. పంచె కింద తొడిగే పట్టాపట్టీల నిక్కరుకు వెనక, ఎడమ వైపు, దానికోసం జేబు కుట్టించుకున్నారు. ఆరేసేదాన్ని కనుక నాకు తెలుసు. అప్పటినుంచి గుప్పెడు కందిపప్పు కావాలన్నా ఆయన లేచి, గోడవైపు తిరిగి, గుత్తి తీసి, వచ్చి తలుపు తెరవాలి. ఆ గలగల వినీ వినీ నా చెవికి అదొక చప్పుడని కూడా తోచడం మానేసింది.

"నేనే వెళ్ళి తీసిస్తాను," అని బావగారు లేవబోయారు. మోకాళ్ళు రాలేదు. నూకరాజు మధ్య సీటు మడిచే మీట లాగాడు, అది కదల్లేదు.

"నువ్వు బయటపడేదాకా మీ అమ్మ ఆగాలా?" అన్నారు గురువుగారు.

బావగారు కిటికీ అద్దం వైపు తిరిగారు. చెయ్యి వెనక్కి పోనిచ్చి కాసేపు అవస్థపడి, గుత్తి తీసి నా చేతిలో పెట్టారు. వెచ్చగా ఉంది. పెట్టి, నిట్టూర్చి, వెనక్కి వాలారు.

నేను రెండడుగులు వేశానో లేదో, "నూకరాజూ! ఏం చేశావయ్యా?" అన్న కేక వినబడింది.

"నేనేం చేశానండీ?"

"సీటు సర్దుకుంది!"

"సీటు ఎక్కడిదక్కడే ఉందండి బాబూ. మీ మీదొట్టు, ఆయ్!"

నేను మాత్ర, మంచినీళ్ళు తెచ్చేసరికి బావగారిని బయటికి లాగినట్టున్నారు. తెల్ల బండిలో కూర్చుని ఉన్నారు. "ఇదీ బాగానే ఉంది," అన్నారు, దావా ఓడిపోయిన మనిషిలా. తర్వాత వచ్చి బూడిద రంగు బండిలో వాళ్ళమ్మ పక్కన కూర్చుని, ఇటు జరిగి అటు జరిగి చూసుకున్నారు. అత్తగారు మాత్ర మింగి, "చెప్పానా, హాయిగా ఉందని," అన్నారు.

గుత్తి తిరిగి ఇవ్వబోయాను. దాన్ని ఒకసారి చూసి, "నీ దగ్గరుండనీ అమ్మాయ్," అన్నారు బావగారు. తర్వాత గురువుగారి వైపు తిరిగి మెల్లిగా, "స్వామీ, నిన్న నేను అడిగింది..." అన్నారు.

"ఆసనం సంగతా? నూకరాజు ఒట్టేసి మరీ చెప్పాడుగా."

రాహుకాలానికి ముందే బూడిద రంగు బండి మా ఇంటికి వచ్చేసింది. కొన్నామనడం కన్నా, అత్తగారిని అందులోంచి దింపలేక తెచ్చుకున్నామనడం నిజం.

మర్నాడు పొద్దున గుత్తిని వంటింటి తలుపు వెనక, అక్కయ్య వేలాడదీసే మేకుకే వేలాడదీశాను. కాసేపటికి వసారాలోంచి బావగారి గొంతు వినిపించింది. "నా కుర్చీలో ఎవరు కూర్చున్నారు? ఎడమ పక్కకి ఒరిగిపోతోందేం?"

ఆ కుర్చీలో ఆయన తప్ప ఎవరూ కూర్చోరు. వెళ్ళి చూస్తే దూది మెత్తలో ఎడమ వైపు లోతుగా గుంట పడి ఉంది, సరిగ్గా గుత్తి అంత. బావగారు దాన్ని చూస్తూ నిలబడిపోయారు. అత్తగారు, "భ్రమరా, దాన్ని విప్పి కాస్త కొత్త దూది కూరమ్మా," అన్నారు. నేను మెత్త ఒళ్ళో పెట్టుకుని, సూదిలో దారం ఎక్కించి, కుట్టు విప్పబోతుండగా కాలవ స్నానం చేసి వెళుతున్న గురువుగారు మా అరుగు మీద ఆగారు. ఏం చేస్తున్నావమ్మా అని అడిగి, చెప్పింది విని, చెయ్యి చాపి ఆ గుంటను వేళ్ళతో తడిమి చూశారు.

"దూది పెట్టకమ్మా," అన్నారు. "కొన్నాళ్ళు మీ బావగారిని ఇలాగే కూర్చోనీ."

నేను సూదిని మళ్ళీ దారపుండకు గుచ్చేసి, మెత్తను తీసుకెళ్ళి కుర్చీలో వేశాను.