మేకులు తియ్యని పెట్టె

మెకానిక్ మస్తాను షెడ్డులో బళ్ళు తెచ్చినవాళ్ళు కూర్చునే కొయ్యపెట్టె ఒకటుంది. దాన్ని తడిమినప్పుడల్లా ముసలి మస్తాను చెవుల్లో దొరగారి మోటారుసైకిలు చప్పుడే మోగుతుంది.

ఆ చప్పుడు వింటే ఊరంతా వీధిలోకి పరుగెత్తుకొచ్చే రోజులవి. ఒకనాడు దొర మేకులు కొట్టిన ఆ పెట్టెను షెడ్డులో దింపించాడు.

“నా బండి టాప్ గేరుకే రావడం లేదు. పెద్ద పిస్టను, కొత్త స్ప్రాకెట్లు, గట్టి చైను తెప్పించాను. బిగించి పరుగెత్తించకపోయావో, నీ షెడ్డు పీకించేస్తా!”

లోపం ఇంజనులో లేదని మస్తానుకు తెలుసు. బాట నిండా మోకాటిలోతు గుంతలు. పురిటినొప్పులతో ఆ దారిన ఎడ్లబండిలో ఆసుపత్రికి వెళ్ళే ఆడవాళ్ళు చేరేలోపే సగం చచ్చేవాళ్ళు. ఊరివాళ్ళు ఎన్ని అర్జీలు పెట్టుకున్నా దొర చెవిన వేసుకోలేదు.

“చిత్తం దొరా. కానీ కొత్త సామాను గుంతల్లో దెబ్బతింటుంది. ముందు బాట బాగుచేయించండి.”

నెల తిరక్కుండా బాట అద్దంలా తయారైంది. మస్తాను “బండి సిద్ధం” అన్నాడు. దొర టాప్ గేరులో దూసుకుపోయి, మీసం దువ్వుకుంటూ తిరిగొచ్చాడు.

“చూశావురా కొత్త పిస్టను దెబ్బ!”

“పెట్టె మేకులింకా తియ్యలేదు దొరా. దానిమీదే కూర్చుని తమరికోసం చూస్తున్నాను.”

దొర ముఖం కందగడ్డయింది. అంతలో పురిటి మనిషితో ఎడ్లబండి ఒకటి కుదుపు లేకుండా ఆసుపత్రివైపు సాగిపోయింది. అది కనుమరుగయ్యేదాకా చూశాడు దొర.

“జరగరా,” అని తనూ ఆ పెట్టెమీదే కూర్చున్నాడు.