పచ్చగుడ్డ కింద కంప్యూటరు

ఓబులేసు ఇంట్లో నెట్టు స్పీడు పడిపోయి పదకొండు రోజులైంది. దాంతోపాటే మనిషీ పడిపోయినాడు. ఆ గురువారం సాయంత్రం సామి దగ్గరికి వచ్చి, చెప్పులు ఒకటి ఇటు ఒకటి అటు విడిచి, అరుగు మీద కూలబడినాడు.

"ఇంక నావల్ల కాదు సామీ," అన్నాడు.

అన్నాడే గానీ, చెయ్యి మాత్రం జేబులోకి పోయింది. ఫోను తీసి, రికార్డింగు నొక్కి, సామి ముందర పెట్టినాడు. అది అలవాటు. ఎనిమిదేండ్లుగా సామి నోట్లోంచి వచ్చిన ప్రతి మాటా, దగ్గుతో సహా, ఓబులేసు ఫోనులోకి పోవాల్సిందే.

మా సామి పేరు దస్తగిరి. ప్రొద్దుటూరులో పరుపులు కుట్టే మనిషి. పాత పరుపు విప్పి, గడ్డకట్టిన దూదిని ఏకి, మళ్ళీ నింపి కుడతారు. గురువారం సాయంత్రం ఊదు వేసి, చక్కెర మీద ఫాతెహా చదివించి, వచ్చినవాళ్ళకు తలా ఇంత పంచుతారు. ఆ తర్వాత ఎవరైనా ఏదైనా అడిగితే చెబుతారు. అడక్కపోతే దూది ఏకుతూ కూర్చుంటారు.

నేను ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరైనవాణ్ణి. ముప్పై ఏండ్లు "ముందుకు జరగండప్పా" అని అరిచీ అరిచీ, కాస్త నిశ్శబ్దం దొరుకుతుందని సామి దగ్గర చేరినాను. ఓబులేసు వచ్చినాక ఆ నిశ్శబ్దం కూడా రికార్డవుతోంది. ఉన్నమాట చెబుతాను, నాకు ఆ మనిషంటే కొంచెం విసుగే. జూనియర్ కాలేజీలో లైబ్రేరియను. పుస్తకాలకు నంబర్లు వేసినట్టు సామి మాటలకూ నంబర్లు వేస్తాడు. చెడ్డవాడు మాత్రం కాదు, పాపం.

"ఏమైంది నాయనా?" అన్నారు సామి.

"నెట్టు సామీ. నూరు రావాల్సింది మూడూ నాలుగూ వస్తాంది. తులసి ఉద్యోగం పోయేటట్టుంది."

తులసి అతని భార్య. ఇంట్లోనే కూర్చుని, కంప్యూటరులో ఫోన్లు మాట్లాడే పని. ఆస్పత్రుల్లో ఉన్నవాళ్ళ ఇన్సూరెన్సు ఎక్కడ ఆగిపోయిందో చూసి, ఏ కాగితం పంపాలో చెప్పాలి. పదకొండు రోజులుగా ఆమె మాట అవతలివాళ్ళకు ముక్కలు ముక్కలుగా పోతోంది. సోమవారం లోపల బాగు చేయించుకోకపోతే ఇంకొకరిని పెట్టుకుంటామని ఆఫీసువాళ్ళు తేల్చి చెప్పేసినారు. ఆ ఉద్యోగం కోసం ఆ పిల్ల మూడేండ్లు తిరిగిందని మా వీధిలో అందరికీ తెలుసు.

"కంప్లెయింట్ ఇచ్చినావా?" అని నేను అడిగినాను.

అడగకుండా ఉండాల్సింది.

"ఎన్నిసార్లు మామా! ఒకటి నొక్కండి, రెండు నొక్కండి అంటారు, నా వేళ్ళు అరిగిపోయినాయి. లైన్‌మన్ మూడుసార్లు వచ్చినాడు. వాడున్నంతసేపూ తొంభై ఎనిమిది చూపిస్తుంది! వాడు బండెక్కి సందు మలుపు తిరిగినాడో లేదో, మళ్ళీ మూడు. ఇప్పుడు వాడు నన్ను పిచ్చోణ్ణి చూసినట్టు చూస్తున్నాడు. వైఫై డబ్బా మార్పించినాను. తీగ మార్పించినాను. పక్కింటివాళ్ళు దొంగతనంగా వాడుకుంటున్నారేమోనని పాస్‌వర్డు మార్చినాను. వాళ్ళు మాట్లాడడం మానేసినారు."

తర్వాత సిగ్గుపడుతూ అన్నాడు.

"ఆ డబ్బాకి ఒక తాయెత్తు ఏమైనా కడతారా సామీ?"

నేను నవ్వు ఆపుకోలేక అటు తిరిగినాను. సామి నవ్వలేదు. దూది ఏకే విల్లు కూడా ఆపలేదు.

"పోయిన గురువారం నేనేం చెప్పినాను?" అన్నారు.

ఓబులేసు తల గోక్కున్నాడు. "ఫోనులో ఉంది సామీ. తీయమంటారా?"

నేను నోరు తెరవబోయినాను. సామి నావైపు చూసినారు. మూసుకున్నాను.

"ఉండనీలే," అని విల్లు గోడకు ఆనించి, మోకాళ్ళు పట్టుకుని లేచినారు. "పదండి, ఓబులేసు ఇంటికి పోయొద్దాం."

ఎనభైకి దగ్గరపడిన మనిషి. ఎండ ఇంకా దిగలేదు. ఓబులేసు ఆటో పిలుస్తానంటే వద్దన్నారు. ముగ్గురం కాళ్ళీడ్చుకుంటూ నడిచినాం. దారి పొడుగునా ఓబులేసు కంప్లెయింట్ నంబర్లు ఒప్పజెబుతూనే ఉన్నాడు. అవి మాత్రం వాడికి ఫోను చూడకుండానే వచ్చు.

ఇంట్లో ముందుగదిలోనే తులసి కూర్చుని ఉంది. ఫాను చప్పుడు అవతలికి వినపడుతుందని ఫాను ఆపేసింది. మెడ చుట్టూ తడి తువ్వాలు. చెవులు నొప్పిపుట్టి హెడ్‌ఫోను తీసేసి, స్పీకరు పెట్టుకున్నట్టుంది. ఎవరో ముసలామెతో మాట్లాడుతోంది.

"అవ్వా, వినపడుతోందా? మళ్ళీ చెబుతాను. ఆ కాగితం కాదవ్వా..."

"ఏం... తల్లీ... తెగి..." అంటోంది స్పీకరు.

తులసి సామిని చూసి, కూర్చున్నచోటు నుంచే రెండు చేతులూ జోడించింది. కండ్ల కింద నల్లగా ఉంది. మళ్ళీ అటు తిరిగి, "అవ్వా, వినపడుతోందా?" అంది.

గది మూలలో ఒక బల్ల. దానిమీద పచ్చగుడ్డ కప్పి, మల్లెపూల దండ వేసి, ముందర ఊదుబత్తులు గుచ్చి ఉన్నాయి. ఏదో దర్గా పటం అనుకుని నేను దండం కూడా పెట్టినాను. చూస్తే గుడ్డ కింద చిన్న లైటు మినుకుమినుకుమంటోంది.

"అదేంది?" అన్నారు సామి.

ఓబులేసు మొహం ఒక్కసారిగా వెలిగింది. "మీ మాటలు సామీ! ఎనిమిదేండ్లవి, నాలుగు వందల గురువారాలు. వీడియోలతో సహా. ఫోను పోయినా, కంప్యూటరు కాలినా ఏం గతి అని అన్నీ పైకి ఎక్కిస్తున్నాను. నెట్టులో పెట్టేస్తే మనం పోయినా అవి పోవు. రాత్రింబవళ్ళు పోతానే ఉన్నాయి."

"ఎప్పటి నుంచి?"

"మొన్న ఆదివారం కాదు, అంతకు ముందు ఆదివారం సామీ. మంచిరోజు చూసి మొదలుపెట్టినాను."

నేను వేళ్ళు మడిచి లెక్కపెట్టినాను. పదకొండు.

"లైన్‌మన్ వచ్చినప్పుడు కూడా పోతానే ఉన్నాయా?"

"అయ్యో, అప్పుడు ఆపేస్తాను సామీ! బయటివాళ్ళ చెయ్యి పడకూడదు గదా. తులసిని కూడా ముట్టనియ్యను. వాడు పోయినాక స్నానం చేసి, ఊదుబత్తి వెలిగించి, మళ్ళీ ఆన్ చేస్తాను."

నాకు ఇంక నోరు ఆగలేదు. "ఒరే నాయనా! సందులో లారీ అడ్డం పెట్టి, ఆటో ఎందుకు పోదని ఊరంతా తిట్టుకుంటూ తిరుగుతున్నావు కదరా!"

ఓబులేసు నావైపు చూసినాడు, సామివైపు చూసినాడు. "సామి మాటలు అడ్డమెట్లవుతాయి మామా?" అన్నాడు. నిజంగానే అడిగినాడు. కోపం రావాల్సింది పోయి నాకు జాలేసింది.

సామి బల్ల దగ్గరికి పోయి నిలబడినారు. "ఇప్పుడు ఏది పోతాంది?"

ఓబులేసు చేతులు తుడుచుకుని, గుడ్డ ఎత్తి చూసినాడు. "పోయిన గురువారంది సామీ. రెండు గంటలది, పెద్దది. పొద్దున్నుంచి అదే పోతాంది."

"ఏం చెప్పినాను అందులో?"

ఓబులేసు ఏదో నొక్కినాడు. దూది ఏకే విల్లు చప్పుడు వచ్చింది. ఒక దగ్గు. ఎవరో టీ జుర్రుకున్నారు, అది నేనే. మళ్ళీ విల్లు. ఓబులేసు ముందుకు జరిపినాడు. విల్లు. ఇంకా ముందుకు జరిపినాడు. దగ్గు, విల్లు.

"ఆ రోజు సామికి గొంతు పట్టేసింది కదప్పా," అన్నాను మెల్లగా. "ఒక్క మాటా మాట్లాడలేదు. చక్కెర కూడా సైగ చేసే పంచినారు. నువ్వు ఎదురుగానే కూర్చున్నావు."

ఓబులేసు ఇంకొంచెం ముందుకు జరిపి చూసినాడు.

వెనకనుంచి తులసి గొంతు వచ్చింది. "అవ్వా, పెట్టేయొద్దవ్వా. వినపడుతోందా?"

సామి వంగినారు. మోకాలు పట్టేసి, ఒక చెయ్యి బల్లకు ఆనించి, రెండో చేత్తో ఆ కంప్యూటరుకున్న నీలం తీగ పట్టుకుని పీకేసినారు.

"సామీ, సగంలో..." అన్నాడు ఓబులేసు.

"...ఆఁ, ఇప్పుడు వినపడుతోంది తల్లీ!" అంది స్పీకరు. అవ్వ పక్కనే కూర్చున్నట్టు వచ్చింది గొంతు. "మా ఆయనకు ఎల్లుండి ఆపరేషనంట. ఏ కాగితం పంపాలో చెప్పు తల్లీ. ఎవరూ చెప్పడం లేదు. రెండు దినాలుగా ఆస్పత్రి మెట్ల మీదే ఉన్నాను."

తులసి చెప్పింది. ఏ కాగితమో, ఎవరి సంతకం కావాలో, ఏ కౌంటరు దగ్గర అడగాలో. అవ్వకు అర్థం కాలేదేమోనని మళ్ళీ మొదటినుంచి చెప్పింది. "నీ కడుపు చల్లగుండా" అని అవ్వ పెట్టేసినాక, తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది.

ఓబులేసు బల్ల పక్కనే నిలబడి అదంతా విన్నాడు. ఆ పిల్ల పొద్దస్తమానం ఎవరితో ఏం మాట్లాడుతుందో వాడు అంతకుముందు ఎప్పుడూ విన్నట్టు లేదు.

సామి ఆ తీగ కొసను ఓబులేసు చేతిలో పెట్టినారు. కుండలో నీళ్ళు ముంచుకుని తాగినారు. "పోదాం పా కండక్టరూ, మొగలయ్య పరుపు రేపటికి కుట్టియ్యాల," అన్నారు.

సోమవారం ఆఫీసువాళ్ళు నెట్టును పరీక్షించి చూసుకున్నారు. తులసి ఉద్యోగం నిలబడింది.

తర్వాతి గురువారం ఓబులేసు వచ్చినాడు. చెప్పులు పక్కపక్కన పెట్టి, అరుగు మీద కూర్చున్నాడు. చెయ్యి జేబు దాకా పోయి, ఖాళీగానే వెనక్కి వచ్చింది. ఆ చెయ్యి ఎక్కడ పెట్టుకోవాలో తెలియక చాలాసేపు అవస్థపడినాడు.

ఊదు వేసి, చక్కెర చదివించినాక, దూది ఏకుతూ సామి అడిగినారు.

"పోయిన గురువారం నేనేం చెప్పినాను?"

ఓబులేసు ఈసారి తల గోక్కోలేదు.

"'ఏ కాగితం పంపాలో చెప్పు తల్లీ, ఎవరూ చెప్పడం లేదు' అని ఒక అవ్వ అడిగింది సామీ," అన్నాడు ఓబులేసు. "రెండు దినాలుగా ఆస్పత్రి మెట్ల మీదే ఉందంట."

విల్లు ఆగింది.

"వాళ్ళాయనకు ఎట్లుందంట?"

"ఆపరేషన్ అయింది సామీ. తులసిని అడిగి కనుక్కున్నాను. నిన్న లేచి కూర్చున్నాడంట."

సామి చక్కెర గిన్నె వాడివైపు జరిపినారు.

"ఇంద నాయనా, ఇది ఆ పిల్లకు తీసుకపో."